పేరు అడిగే ప్రోగ్రాం

ఖబూరా
అక్టోబరు 1994

తమ్మి ఖాదర్‌కు, అంకన్న దీవెనలు.

నువ్వు బురైమి పోయి ఏడాది దాటింది. నీ కుట్టుమిషన్ మీద ఇప్పుడు ఇస్త్రీ నర్సింగ్ తన టిఫిన్ డబ్బా పెట్టుకుంటున్నడు. చూసినప్పుడల్లా డబ్బా తీసి పక్కకు పెడ్త. కడప మనిషి కూసున్న మిషన్ మీద పప్పు గిన్నెనా అని.

అసలు సంగతికొస్త. మన దుకాణం యజమాని, అర్బాబ్ ఖల్ఫాన్, సొహార్‌ల తన చిన్నాయన కొడుకు దుకాణానికి పోయిండట. ఆడ కంప్యూటర్ ఉందట. ఇంక ఈయనకు నిద్ర పడ్తదా? తెల్లారంగనే వచ్చి "అంకయ్యా, మన టైలర్ షాపుకు కూడ కావాలె. ఏ ప్రోగ్రాం మంచిదో నువ్వే చూసి చెప్పు, నువ్వు చదువుకున్నోనివి" అన్నడు. నా చదువు నీకు ఎరుకే. కోరుట్లల మూడో తరగతి. మిగిలిందంతా కుట్టుమిషన్ల పుస్తకాలు చూసి నేర్చిన ఇంగ్లీషు. నాకు 'గుడ్ మార్నింగ్' కంటె ముందు 'కాషన్' అన్న మాట వచ్చింది. అయినా అర్బాబ్ అంత మాట అన్నంక కాదంటమా? "తయ్యిబ్, సరే, చూస్త" అన్న.

ఇప్పుడు నా తిప్పలు విను. మన గిరాకీలు వందల మంది. అందులో సగం మంది మహమ్మద్‌లు, తక్కినోళ్ళు సయీద్‌లు, సలీంలు. వాళ్ళను గుర్తు పట్టేటందుకే కదా మనం వాళ్ళ పొడుగంగీ దిష్‌దాషా మూటకు తెలుగుల చీటీ గుచ్చేది? రేడియో ముసలాయన, గొర్రెల సయీదు, ఇద్దరు పెండ్లాల పోలీసు. చాపల ముబారక్‌కు నువ్వు పెట్టిన పేరు 'మన్‌హూస్', అంటే దరిద్రపు పాదమోడు, ఇంకా నడుస్తనే ఉంది. ఆయన మొదటిసారి గడప తొక్కిన నాడే కరెంటు పోయి, మళ్ళొచ్చి, ఇస్త్రీపెట్టె కింద పోలీసు పెండ్లి దిష్‌దాషా కాలె. "పేరేమో ముబారక్, కాలేమో మన్‌హూస్" అని నువ్వంటే దుకాణమంతా కూలబడి నవ్వినం. పాపం, ఆయన అప్పటిసంది ప్రతి శుక్రవారం మనకు చాపలు తెచ్చిస్తనే ఉన్నడు. ఆ పేరు మాత్రం పోలే.

మా గురువు మేర రాజలింగం గుండీలను చూసి మనిషిని చెప్పేటోడు. ఒకసారి పటేల్ అంగీ... సరే, ఆ కథ ఇంకోసారి. మీ షాపుల కంప్యూటర్ వచ్చి చానా దినాలైంది గద. ఏది తీసుకోవాల్నో రాయి.

నీ
అంకన్న

బురైమి
నవంబరు 1994

అంకన్నకు, ఖాదర్ సలాం.

నీ జాబు అందింది. రాజలింగం కథ మళ్ళా సగంలోనే ఆపినావు. పదకొండేండ్లుగా సగమే వింటాండా.

మా షాపులో ఉండేది నెంబరు ప్రోగ్రాం. గిరాకీ మొదటిసారి వస్తే చిన్న కార్డు ఇస్తాము, దాని మీద నెంబరు ఉంటుంది. మళ్ళా వచ్చినప్పుడు ఆ నెంబరు కొడితే భుజము, పొడుగు, మెడకాడ కుచ్చు ఎట్ల కావాల, అన్నీ తెర మీదికొస్తాయి. కార్డు పోగొట్టుకొని వచ్చేవాళ్ళతో తలనొప్పి ఉంది. అయినా అదే తీసుకో అంటాను.

ఇంకొక మాట. అమ్మేవాడు లోపలికి ఏమేమి ఎక్కించొచ్చో బాగా చూపిస్తాడు. దానికి మురిసిపోవద్దు. బయటికి ఏమొస్తుందో చూపించమను. మన మూట ఒకటి పెట్టి, మన గిరాకీ బిల్లు కొట్టించి, నీ చేతిలోకి తీసుకొని చదువు. చదివిన తర్వాతనే అర్బాబ్‌కు 'ఊ' చెప్పు.

ఎందుకంత గట్టిగా చెప్తాండానంటే మా షాపులో ఒకటి జరిగింది. అది రాయడానికి నాకు మనసు రాలేదు. మనుషుల పేర్లతో యవ్వారం పెట్టుకోవద్దు, అంతే.

మా పాప అరీబా ఎనిమిదో క్లాసుకొచ్చింది. ఇంటి జాబులు ఇప్పుడు తనే రాస్తాంది. అక్షరాలు నాకంటే బాగుండాయి.

ఖాదర్

ఖబూరా
డిసెంబరు 1994

తమ్మి ఖాదర్‌కు,

కొన్నం! నీ మాట వినలే, కోపం చేసుకోకు.

అల్ హైల్ నుంచి రఘుపతి అనేటాయన పెట్టెతోని దిగిండు. మన జగిత్యాలాయనే. మనూరి మాట వినంగనే నాకు సగం బేరం అయిపోయినట్టే అనిపించింది. అదే నా మొదటి తప్పేమో. రెండు ప్రోగ్రాంలు చూపెట్టిండు. ఒకటి నీ నెంబరుది, ఇంకోటి పేరుది. పేరు కొడితే కొలతలతోని మనిషి తెర మీద ఎల్తడు.

నేను నెంబరు వద్దన్న. ఎందుకంటవా? నేను మొదలు ఈ దేశం వచ్చినప్పుడు మట్టి మోసే కంపెనీల పడ్డ. ఆడ నన్ను ఎవ్వడు అంకయ్య అనలే. నెత్తి మీది టోపీకి నెంబరు, మెస్సుల పళ్ళానికి నెంబరు. ఒకనాడు ఫోర్‌మాన్ నెంబరు పిలిస్తే నేను పలుకలే. నా పేరు పిలువంగ పలుకుడు అలవాటు గద. దానికి ఒక దినం జీతం కోసిన్రు. గందుకే రఘుపతితోని అన్న, "అయ్యా, మనం మనుషులకు కుడుతున్నం, ఖైదీలకు కాదు. పేరుదే ఇయ్యి." అర్బాబ్ నా భుజం తట్టి "చూసిన్రా, చదువుకున్నోని తెలివి" అన్నడు. నర్సింగ్ మాత్రం గొణిగిండు. ఆ నర్సింగ్ ఎన్నడు గొణుగలే?

బిల్లు కొట్టించమన్నవు గద, కొట్టించిన. రఘుపతి తన పేరే కొట్టిండు. ప్రింటర్ కట్టెల మిల్లు లెక్క మొత్తుకొని, ముత్యాలోలె 'రఘుపతి' అని బయటికి వచ్చింది. దుకాణమంతా చప్పట్లు.

చీటీల మీది పేర్లన్నీ నేనే ఒక్క వేలుతోని ఎక్కించిన. ఇంగ్లీషు అక్షరాలల్ల మన మాటలు, ఉన్నయి ఉన్నట్టే. రేడియో ముసలాయన రేడియో ముసలాయనే. అవి వాళ్ళు చదువుతరా, చదివినా తెలుస్తదా? నాకైతే ఎక్కించుకుంట ఎక్కించుకుంట నవ్వాగలే. మనం అందరం ఒక్క రూంల ఉన్న దినాలన్నీ ఆ తెర మీద కనబడ్డయి.

అంకన్న

బురైమి
జనవరి 1995

అంకన్నా,

నువ్వు చూసింది రఘుపతి బిల్లు. మన గిరాకీ బిల్లు చూసినావా?

ఖాదర్

ఖబూరా
ఫిబ్రవరి 1995, రంజాన్ నెల

తమ్మి ఖాదర్‌కు,

నీ గీత ముక్క అందింది. జవాబు రాయ తీరలే. రంజాన్ల టైలర్‌కు తల గోక్కునే తీరిక ఉంటదా? ఈసారి ఒక్క మూట మారలే, ఒక్క మెడ తప్పలే. పోయినేడు పోలీసు దిష్‌దాషా గొర్రెల సయీదుకు పోయి పంచాయితి అయింది గద, ఈసారి అదేం లేదు. పేరు కొట్టుడు, మనిషి ఎల్లుడు. బిల్లు చింపి నర్సింగ్ ముందల పడేస్తే ఇస్త్రీ చేసి, మడతల నడుమ పెట్టి, కవర్ల వేస్తడు.

నీకు ఒక పార్సిల్ పంపుతున్న. టాక్సీ మొయినుద్దీన్ చేతికిచ్చిన. పండుగకు తెల్ల కుర్తా, నా చేతితోని కుట్టిన. నీ కొలతలు కంప్యూటర్లనే ఉన్నయి, నువ్వు పోయినా నీ భుజాలు మాకాడనే ఉన్నయి. పైసల మాట ఎత్తకు. మా దిక్కు అన్న తమ్మునికి బట్టలు పెడితే ఆ తమ్ముడు కట్టుకొని కనబడాలె, అంతే. పండుగ నమాజుకు తొడుక్కో. ఎట్లున్నదో రాయి. మెడకాడ నీకిష్టమైన సన్నని కుట్టు వేసిన, వెలుగుల పెట్టి చూడు.

అంకన్న

బురైమి
మార్చి 1995

శ్రీయుత మేర అంకయ్య గారికి,

మీరు పంపిన కుర్తా అందినది. కొలత సరిగా ఉన్నది. బిల్లు కూడా అందినది. బిల్లులో ఉన్న మొత్తమును టాక్సీ మొయినుద్దీన్ ద్వారా పంపుచున్నాను. అందినట్లు తెలియజేయగలరు.

ఇట్లు
షేక్ ఖాదర్

ఖబూరా
మార్చి 1995

ఖాదర్‌కు,

మొయినుద్దీన్ పైసలు నా చేతుల పెట్టంగనే నాకు సమజ్ కాలే. "ఎవరివి?" అన్న. "ఖాదర్ భాయ్ ఇచ్చిండు, కుర్తా పైసలు" అన్నడు. దుకాణంల అందరు చూస్తున్నరు. నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలె?

బట్టలు పెడితే బిల్లు కడ్తరా? నా పెండ్లిల మా మేనమామ ధోతి పెడితే నేను "ధర ఎంత మామా" అని అడిగిన్నా? నర్సింగ్ అలవాటు చొప్పున కవర్ల బిల్లు పెట్టిండు, నేను చూసుకోలే. దానికి ఇంత శిక్షనా? ఇంకా 'శ్రీయుత' అంటవు. ఒక్క రూంల, ఒక్క చాప మీద, ఒక్క గంజుల తిన్నోళ్ళం. నువ్వు 'ఉన్నది' 'పంపుచున్నాను' అని రాస్తే కోర్టు నోటీసు చదివినట్టున్నది.

నేను కోపంల ఏదన్న అన్ననా? ఏమన్ననో రాయి. మాట పడేటందుకు తయారుగున్న. ఊకె శిక్షపడేటందుకు కాదు. పైసలు కవర్ల పెట్టి మళ్ళ మొయినుద్దీన్‌కు ఇస్తున్న.

అంకయ్య

(ఈ జాబుకు జవాబు రాలేదు. పైసలు మళ్ళీ తిరిగి వచ్చినయి.)

ఖబూరా
ఏప్రిల్ 1995

ఖాదర్,

ఈ జాబుల కథలు లేవు.

నిన్న ముబారక్ వచ్చిండు. పండుగకు కుట్టించుకున్న దిష్‌దాషా కవరు అట్లనే చేతుల పట్టుకొని వచ్చిండు, తొడగలే. బిల్లు బల్ల మీద పెట్టిండు. ఆయన ఎన్నడో కువైట్‌ల పనిచేసి వచ్చినోడు, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటడు. నాకది ఎరుకలే. అడిగింది ఎన్నడు?

వేలు పెట్టి చదివిండు. "మన్... హూస్." మనం హిందీ మాట అనుకున్నది వాళ్ళ అరబ్బీ మాటనేనట. వాళ్ళ అమ్మలు పిల్లల ముందట అననియ్యని మాట.

"అంకయా, ఇది నేనా?" అన్నడు.

నేను బిల్లు నా దిక్కు గుంజుకున్న.

"పోయినేడు నా పడవ పోయింది. తెలుసు గద నీకు? అప్పుడు మీరంతా నవ్వుకున్నరా?" అన్నడు.

లేదు అన్న. ఖాదర్, నవ్వినం. పడవ మునిగిన కబురు వచ్చిననాడు నర్సింగ్ "పేరు నిలబెట్టుకున్నడు" అన్నడు, నేను నవ్విన. నవ్వి, ఆ శుక్రవారం ఆయన తెచ్చిన చాపలే తిన్న.

"ఎవరు పెట్టిన్రు ఈ పేరు?" అని అడిగిండు. నేనే అన్న. ఆయన కవరు బల్ల మీదనే పెట్టి పోయిండు. తిట్టలే. తిడితే బాగుండు.

ఆయన పోయినంక నేను కంప్యూటర్ ముందల కూసొని పేర్లన్నీ చదువుకుంట వచ్చిన. అప్పుడు నవ్వుకుంట ఎక్కించినవే. నిన్న ఒక్కదానికి కూడ నవ్వు రాలే. చదువుకుంట చదువుకుంట నీ పేరు కాడికి వచ్చిన.

నీ పాత కొలతల చీటీ మీద ఉన్నది ఉన్నట్టే ఎక్కించిన. 'బాత్రూం ఖాదర్' అని. అదే నీ బిల్లు మీద వచ్చింది. బట్టలు పెట్టిన అని పొంగిపోయి దాంతోని ఇది పంపిన. రంజాన్ల, పండుగ ముంగట.

నువ్వెందుకు 'శ్రీయుత' అన్నవో తెలిసింది. ఇంకేం రాయాల్నో తెలుస్తలేదు.

అంకయ్య

బురైమి
ఏప్రిల్ ఆఖరు, 1995

అంకన్నా,

నెల రోజులు నీకు జాబు రాయకూడదనే ఉండినా.

బిల్లు విప్పినప్పుడు రూంలో నలుగురు ఉండారు. ఒకడు చదివి, "ఇదేంది భాయ్, బాత్రూం?" అన్నాడు. నేను నవ్వేసినా. ఏదో జోక్‌లే అన్నా. తర్వాత కూర్చొని ఆలోచిస్తే అర్థమైంది.

మా అమ్మ సుగ్రా బేగం పోయిందన్న జాబు ఆమెను పూడ్చిపెట్టిన తర్వాత నాకు అందింది. లీవు ఇయ్యలేదు. మగోడు పదిమంది ముందర ఎట్ల ఏడుస్తాడని బాత్రూంలోకి పోయి, కొళాయి తిప్పి ఏడ్చినా. ఆ పొద్దే కాదు, ఇంటి నుంచి జాబు వచ్చినప్పుడల్లా. నీళ్ళ చప్పుడుకు ఎవరికీ వినపడదనుకున్నా. ఇన్నేండ్లూ వినపడలేదనే అనుకుంటా ఉండినా. నువ్వు నాతో పొద్దున కూర్చొని చాయ్ తాగి, "రాత్రి బాగా నిద్రపట్టిందా తమ్మీ" అనేవాడివి. నీకు తెలుసు. నర్సింగ్‌కు తెలుసు. తెలిసి పేరు పెట్టినారు. చీటీ మీద రాసినారు. నేను ఆ చీటీల పక్కనే కూర్చొని కత్తిరిస్తా ఉండినా, నా చీటీ నేనెప్పుడూ చూడలేదు.

తెలిసిందని సిగ్గు ఒకటి. నవ్వినారని ఇంకొకటి. ఏది పెద్దదో నాకే తెలీదు.

కానీ ఇంకోటి కూడా రాయాల. మొయినుద్దీన్ నిన్న వచ్చినాడు. ముబారక్ అడిగిన పొద్దు వాడు మీ దుకాణంలోనే చాయ్ తాగతా ఉండినాడంట. "అంకయ్య తన పేరే చెప్పుకున్నాడు" అన్నాడు. ఆ మన్‌హూస్ పేరు పెట్టింది నేను, అన్నా. అది అరబ్బీ మాటనే అని కూడా నాకు తెలుసు. మదరసాలో చదివినోడిని. తెలిసే పెట్టినా. నా పేరు ఎందుకు చెప్పలేదు?

మా షాపులో ఏం జరిగిందో రాయలేదని కదా. ఇదే జరిగింది. ఇక్కడికొచ్చిన కొత్తలో అదే అలవాటు మీద ఒకాయనకు పేరు పెట్టినా. అది బిల్లు మీద చదువుకున్న ఆయన మొఖం చూసినాక నెంబరు పెట్టుకున్నాము. అప్పుడే నీకు విడమరిచి రాసుంటే ముబారక్ ఆ బిల్లు చదివేవాడు కాదు. నా సిగ్గు దాచుకొని నీకు గీత ముక్క రాసినా.

ఖాదర్

ఖబూరా
మే 1995

ఖాదర్‌కు,

నీ పేరు ఎందుకు చెప్పలేదంటవా? చీటీ రాసిన చెయ్యి నాది, ఎక్కించిన వేలు నాది. నువ్వు ఆడ లేవు. లేనోని మీదికి నెట్టుడు నాతోని కాలే. గొప్ప అనుకోకు, భయానికి కూడ ఒక్క మాటనే అన్న.

నీ నీళ్ళ సంగతి చెప్త. నీళ్ళు ట్యాంకర్ల వచ్చేటివి, ఎండకాలం మూడునాలుగు దినాలకు ఒకటి. "ట్యాంకర్ అంత ఖాదర్ బాత్రూంల పోతున్నది" అని నేనే అన్న, నలుగురు నవ్విన్రు. నవ్వినంక ఆ మాట పేరయింది. నువ్వెందుకు తిప్పుతున్నవో మొదటినాడే ఎరుక నాకు. తలుపు కొట్టాలె. కొట్టలే. కొట్టి ఏమనాల్నో తెలువక నవ్విన. ఇది మాఫీ కోసం రాస్తలేను, తెలువాలె అని రాస్తున్న.

రఘుపతిని పిలిపించిన. పేరు గడి ఖాళీ పెడితే ఆ ప్రోగ్రాం ముందలికి పోదట, అసలు పేర్లు పెడదామంటే సగం మంది మహమ్మద్‌లే. మార్చాలె, నీ నెంబరుదే తేవాలె. అర్బాబ్‌కు కారణం చెప్పాలె గద, చెప్పిన. మొదలు కండ్ల నీళ్ళు వచ్చేటట్టు నవ్విండు. నవ్వి నవ్వి ఉన్నపళంగ ఆగి, "నాకేం పేరు పెట్టిన్రు?" అన్నడు. నేను నేల చూసిన. నర్సింగ్ ఇస్త్రీపెట్టె చూసిండు. రెండు దినాలు అర్బాబ్ మా చాయ్ తాగలే. మూడోనాడు "నెంబరుదే తెప్పియ్యి" అని పోయిండు.

ముబారక్ కాడికి పోయిన. సముద్రం ఒడ్డున వల బాగుచేసుకుంటున్నడు. కూసో అనలే, నేనే ఇసుకల కూసున్న. తప్పయింది అన్న. ఆయన వలకు ముడి వేసుకుంటనే ఉన్నడు.

"నెంబరు ప్రోగ్రాం తెస్తున్నం" అన్న, ఏం మాట్లాడాల్నో తెలువక. పేరు కావాలె, నెంబరు వద్దు అని నేను మురిసిన సంగతి కూడ చెప్పిన.

అప్పుడన్నడు, "కువైట్‌ల నాకు నెంబరే ఉండె, అంకయా. బాధ అనిపించేది. కాని నెంబరు నన్ను చూసి ఎన్నడు నవ్వలే."

నీ పూర్తి పేరు చెప్పు అన్న. ఇన్నేండ్లు ఆయన మెడ కొలిచిన, పేరు అడుగలే. ముబారక్, తండ్రి, తాత, ముత్తాత. ఆయన చెప్తనే ఉన్నడు, నేను రాసుకుంటనే ఉన్న. సగం రాసినంక ఒక పేరు తప్పిపోయింది. మళ్ళ మొదటికెల్లి చెప్పమన్న, చెప్పిండు. ఆ శుక్రవారం చాపలు రాలే. రావాలె అని ఎట్ల అనుకుంట? దుకాణానికొచ్చి దిష్‌దాషా మాత్రం తీసుకపోయిండు.

ఇంక నీకాడికి. పదకొండేండ్లు ఒక్క చాప మీద పండుకున్నోళ్ళం. నీ పూర్తి పేరు ఏందని రఘుపతి అడిగితే నేను 'షేక్ ఖాదర్' కాడ ఆగిపోయిన. ముందటేముందో, వెనుకేముందో ఎరుకలే. మొయినుద్దీన్‌ను అడుగవచ్చు. అడుగుతలేను. నిన్నే అడుగుతున్న. ఇష్టముంటెనే రాయి.

అంకయ్య

బురైమి
మే 1995

అంకన్నకు, సలాం.

షేక్ మహబూబ్ అబ్దుల్ ఖాదర్. తండ్రి షేక్ హుస్సేన్ సాబ్. తల్లి సుగ్రా బేగం. కార్డులో తల్లి పేరుకు చోటుండదు, నువ్వు తెలుసుకో.

జుమ్మా పొద్దు, శుక్రవారం, ఖబూరా వస్తాండా. ముబారక్ కాడికి నువ్వు నన్ను తీసుకపోవాల. ఆ పేరు నాది అని నేనే చెప్పుకుంటా. ఆయన ఏమన్నా అననీ. రాజలింగం గుండీల కథ తోవలో చెప్పు, పూర్తిగా చెప్పు.

బక్రీదుకు నీ కుర్తా తొడుక్కున్నా. మెడకాడ కుట్టు వెలుగులో పెట్టి చూసినా. సన్నంగా ఉంది. భుజాలు మాత్రం కొంచెం బిగుతు అయినాయి, నా కొలతలు మారినాయి, మళ్ళా తీసుకో.

నీ జాబు రూంలోనే చదివినా. నలుగురూ ఉండారు. మధ్యలో ఏడుపొచ్చింది. లేచి బాత్రూం దాకా పోయినా. తలుపు తీసినా. మళ్ళా వచ్చి అందరి నడమే కూర్చున్నా. ఒకాయన చాయ్ గ్లాసు నా పక్కన పెట్టి పోయినాడు.

కొళాయి తిప్పలేదు, అన్నా.

ఖాదర్